పటంలో రంగు మారకముందే పల్లె కళ్లు తెరవాలి

హోసూరు నుండి బాగలూరు వైపు గాని, మత్తిగిరి, కెలమంగలం వైపు గాని, శూలగిరి వైపు గాని ప్రయాణించేవారికి దారి ప్రక్కన కనిపించే ప్రకటన ఫలకాలలో నేడు ఒకే చిత్రం మళ్లీ మళ్లీ ఎదురవుతున్నది. క్రింద అంగళ్లు, పైన ఇళ్లు, ప్రక్కన కార్యాలయాలు, నడుమ ఉద్యానవనం. అన్నీ ఒకే ప్రహరీ లోపల. ఆ చిత్రంలో కనిపించనిది ఒకటున్నది. అదే చుట్టూ ఉన్న పల్లె. ఆ పల్లెలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ, తమిళంలో పట్టా చేతబట్టుకొని, కన్నడ సీమకు పూలూ కూరగాయలూ పంపుకొంటూ బ్రతుకుతున్న కుటుంబాలకు ఈ చిత్రం వలన ఏమి రాబోతున్నది? దానిని అనుమతించే ముందు ప్రభుత్వం ఏమేమి పరిశీలిస్తుంది? ఆ పరిశీలనలో మన మాటకు చోటెక్కడ? ఈ వ్యాసంలో వీటినే విచారించదలచితిని.

ముందుగా ఈ ఒత్తిడి ఎక్కడి నుండి వచ్చినదో చూడవలసి ఉన్నది. హోసూరు పురపాలక సంఘం 2019లో నగరపాలక సంస్థ అయినది. 2024 జూన్ 27న తమిళనాడు ప్రభుత్వం శాసనసభలో ఒక ప్రకటన చేసినది. హోసూరులో 2,000 ఎకరాలలో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడే విమానాశ్రయం నిర్మిస్తామన్నది. 2025 ఆగస్టు 10న బెంగళూరు మెట్రో పసుపు మార్గం బొమ్మసంద్ర వరకు ప్రారంభమైనది. బొమ్మసంద్ర ఉన్నది హోసూరు రహదారి మీదనే. బెంగళూరు చుట్టూ వేయదలచిన ఉపగ్రహ పట్టణాల వలయ రహదారి కూడా మన ప్రాంతాన్ని తాకుతున్నది. వీటిలో కొన్ని పూర్తయిన పనులు, కొన్ని ఇంకా కాగితం మీది మాటలు. ఉదాహరణకు బెంగళూరు విమానాశ్రయపు ఒప్పందం ప్రకారం 2033 వరకు 150 కిలోమీటర్ల లోపల మరొక విమానాశ్రయం రాకూడదన్న నిబంధన ఉన్నది. అయినను ప్రకటన వెలువడిన మరునాటి నుండే భూమి ధర మాట మారిపోతుంది. పని జరుగుటకు ఏళ్లు పట్టును గాని, ధర పెరుగుటకు ఒక వార్త చాలును.

ఆ ధర పెరిగిన చోటకే ఇళ్లూ అంగళ్లూ కలిసిన పెద్ద నిర్మాణాల ప్రతిపాదనలు వస్తాయి.

మిశ్రమ నిర్మాణం కొత్తదేమీ కాదు

క్రింద అంగడి, పైన ఇల్లు అన్నది మన పేటవీధులకు కొత్త కాదు. కోమటి అంగడి మేడ మీదనే కాపురముండుట మన తాతలు చూచినదే. నివాసమూ వ్యాపారమూ ఒకే చోట ఉన్నచో మందు బిళ్లకూ పాల పొట్లానికీ బండి ఎక్కి పోవలసిన పని ఉండదు. చిన్న వ్యాపారులకు గిరాకీ దొరుకుతుంది. కనుక మిశ్రమ నిర్మాణమనగానే చెడు అని భావించుట సరికాదు. తమిళనాడు ప్రణాళికా నియమాలలో కూడ 'మిశ్రమ నివాస మండలం' అని ప్రత్యేకంగా ఒక వర్గమే ఉన్నది. తమిళంలో దానిని 'కలప్పు కుడియిరుప్పు' అంటారు.

కొత్తగా వచ్చినది దాని పరిమాణం. పేటవీధిలోని మేడ ఊరి బావిని, ఊరి కాలువను, ఊరి దారిని అందరితో పాటు వాడుకొన్నది. నేటి ప్రతిపాదన ఒక్కసారిగా వేయి కుటుంబాలను, వందల అంగళ్లను ఒక పల్లె పొలిమేరలో దింపుతుంది. దాని గోడలోపల అన్నీ చక్కగానే ఉండవచ్చును. గోడ వెలుపల ఏమి జరుగుతుందన్నదే మన ప్రశ్న.

మూడు ద్వారాలు

ఇట్టి నిర్మాణం సాగవలెనన్నచో మూడు ద్వారాలు దాటవలెను. మన కుటుంబాలలో చాలామందికి ఈ మూడింటికీ గల భేదం తెలియదు. తెలియకపోవుట వలననే ఒక ద్వారం వద్ద చెప్పవలసిన మాటను మరొక ద్వారం వద్ద చెప్పి నిరాశపడుతున్నారు.

మొదటి ద్వారం భూ వినియోగం. 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం ప్రకారం ఒక ప్రాంతానికి మాస్టర్ ప్లాన్ తయారు చేస్తారు. తమిళంలో దాని పేరు 'ముళుమై తిట్టం'. అందులో ప్రతి సర్వే నంబరుకూ ఒక వర్గం ఉంటుంది. ఇది నివాసానికి, ఇది వ్యాపారానికి, ఇది పరిశ్రమలకు, ఇది సేద్యానికి అని. పటంలో ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క రంగు. సాధారణంగా సేద్యానికి ఆకుపచ్చ, నివాసానికి పసుపు. ముసాయిదా తయారైనప్పుడు ప్రభుత్వ గెజిట్‌లోను, దినపత్రికలలోను ప్రకటన వేసి, పటం ఎక్కడ చూడవచ్చునో చెప్పి, వ్రాతపూర్వకమైన అభ్యంతరాలు, సూచనలు కోరవలెను. ప్లాన్ అమలులోకి వచ్చిన తరువాత ఒక భూమి వర్గం మార్చవలెనన్నచో చట్టంలోని 32వ సెక్షన్ క్రింద సవరణ జరగవలెను. ప్లాన్ పరిధిలోకి రాని పల్లెలలో సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చుటకు 47-ఏ సెక్షన్, దాని క్రింద 2017లో వచ్చిన నియమావళి ఉన్నవి.

రెండవ ద్వారం లేఅవుట్, కట్టడపు అనుమతి. దీనికి ఆధారం 2019లో అమలులోకి వచ్చిన తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, కట్టడాల నియమావళి. దారి వెడల్పు ఎంత, ఎంత ఎత్తు కట్టవచ్చును, నాలుగు ప్రక్కల ఎంత ఖాళీ వదలవలెను, బండ్లు నిలుపుటకు ఎంత చోటు అన్న లెక్కలన్నీ ఇక్కడివే. స్థలం 3,000 చదరపు మీటర్లు దాటితే, రోడ్లు పోగా మిగిలిన దానిలో 10 శాతం బహిరంగ స్థలంగా కేటాయించవలెను. 10,000 చదరపు మీటర్లు దాటిన చోట దీనికి బదులు డబ్బు కట్టి తప్పించుకొనుటకు వీలు లేదు, భూమినే వదలవలెను. దానిని దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించవలెను. అనగా ఆ స్థలం కంపెనీది కాదు, ప్రజలది.

మూడవ ద్వారం పర్యావరణ అనుమతి. కేంద్రప్రభుత్వపు 2006 నాటి ప్రకటన ప్రకారం కట్టడపు విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు లేదా అంతకు మించినచో ముందుగా పర్యావరణ అనుమతి పొందవలెను. స్థలం 50 హెక్టార్లు, అనగా సుమారు 123 ఎకరాలు గాని, కట్టడం 1,50,000 చదరపు మీటర్లు గాని ఉన్నచో దానిని టౌన్‌షిప్‌గా పరిగణించి మరింత లోతుగా పరిశీలిస్తారు.

సభ జరగదు, ఎవరూ పిలువరు

పాఠకులు ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకొనవలెను. విస్తీర్ణం ఎక్కువగా ఉన్న రాతి క్వారీ వచ్చినప్పుడు కలెక్టరు ఆధ్వర్యాన ప్రజాభిప్రాయ సభ జరుగుతుంది. కృష్ణగిరి జిల్లాలో అట్టి సభలు మనవారు చూచినవే. కనుక వేయి ఇళ్ల నిర్మాణం వచ్చినా ఏదో ఒకనాడు సభ పెడతారు, అప్పుడు నాలుగు మాటలు చెప్పవచ్చునని చాలామంది ఎదురు చూస్తున్నారు. ఆ సభ రాదు. 2006 నాటి ప్రకటనలోనే కట్టడాలకు, టౌన్‌షిప్‌లకు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఇచ్చినారు. నిపుణుల సంఘం కాగితాలు చూచి నిర్ణయిస్తుంది.

రెండవ ద్వారం వద్ద కూడ ఇరుగుపొరుగును పిలిచి అడిగే పద్ధతి లేదు. అక్కడ అధికారి చూడవలసినది ఒక్కటే. పటం నియమానికి సరిపోయినదా లేదా? సరిపోయినచో అనుమతి నిరాకరించుటకు అతనికి కారణముండదు. ఊరివారు వచ్చి 'మాకు ఇష్టం లేదు' అన్నందున అతడు ఆపలేడు. దానిని అధికారి కాఠిన్యమనుకొనుట పొరపాటు. అతని ముందున్న ప్రశ్న అది కాదు.

కాబట్టి పల్లె మాటను చట్టమే అడిగే ఘట్టం మొదటి ద్వారం వద్దనే ఉన్నది. ముసాయిదా పటంలో ఆకుపచ్చ పసుపుగా మారేటప్పుడు, లేదా ఫలానా సర్వే నంబరును సేద్యం నుండి మిశ్రమ నివాసానికి మార్చదలచినామని పత్రికలో చిన్న ప్రకటన వచ్చినప్పుడు. ఆ గడువు దాటిన తరువాత మిగిలినదంతా లెక్కల వ్యవహారమే. జె.సి.బి. వచ్చిన నాడు దారికి అడ్డముగా నిలబడుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది.

గోడ వెలుపలి లెక్క

పరిశీలన ఎంత నిజాయితీగా జరిగినా, అది ప్రధానంగా గోడ లోపలి లెక్కనే చూస్తుంది. వెలుపలి లెక్క మనమే వేసి చూపవలెను. ఉదాహరణకు 25 ఎకరాలలో వేయి ఇళ్ల ప్రతిపాదన ఒకటి వచ్చినదనుకొందము. ఇది ఏ ఒక్క కంపెనీ గురించిన మాటా కాదు, లెక్క తెలియుటకు తీసుకొన్న అంకె మాత్రమే.

ఇంటికి ఐదుగురు చొప్పున 5,000 మంది. పట్టణ కట్టడాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది సాధారణంగా అనుసరించే ప్రమాణం. రోజుకు 6,75,000 లీటర్లు కావలెను. 12,000 లీటర్ల ట్యాంకరైతే రోజుకు యాభై ఆరు ట్యాంకర్లు. అంగళ్లకు, కార్యాలయాలకు వచ్చిపోయేవారి వాడకం దీనికి అదనం. అదే 5,000 మంది పల్లెలో ఉన్నచో జలజీవన్ పథకం లెక్క ప్రకారం మనిషికి 55 లీటర్లు, అంతా కలిసి 2,75,000 లీటర్లు. ప్రహరీ లోపలి మనిషికీ వెలుపలి మనిషికీ దప్పిక ఒక్కటే అయినను లెక్క దాదాపు రెండున్నర రెట్లు.

ఈ నీరు ఎక్కడి నుండి వస్తుందని అడుగవలెను. హొగేనకల్ తాగునీటి పథకం 2013లో ప్రారంభమైనది కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలోని ఫ్లోరైడు బాధ తీర్చుటకు. ఆ నీటిని ఏ ఊరికి ఎంత అని ముందే పంచినారు. స్థానిక సంస్థ కొత్త నిర్మాణానికి నీరిస్తామని ఉత్తరమిచ్చినచో ఎవరి వాటా నుండి? ఇవ్వలేమన్నచో బోర్లు ఎక్కడ? ప్రక్కనున్న గులాబీ తోటల బోర్లకు, టమాటా చేల బావులకు అవి ఎంత దూరం?

వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందన్నది ఇంజనీర్ల లెక్క. మన ఉదాహరణలో అది రోజుకు 5,40,000 లీటర్లు. శుద్ధి యంత్రం పెడతారు, శుద్ధి చేసిన నీటిని చెట్లకూ మరుగుదొడ్లకూ వాడుతామంటారు. మంచిదే. యంత్రం ఆగిన రోజున, వానలు కురిసి చెట్లకు నీరక్కరలేని నెలలలో, అది ఏ వాగులోకి పోతుందో పటంలో చూపవలెను.

వాన నీటి లెక్క కూడ అంతే ముఖ్యం. 25 ఎకరాలపై 50 మిల్లీమీటర్ల వాన పడితే 50 లక్షల లీటర్లు. చేను ఉన్నప్పుడు అందులో చాలా భాగం నేలలోకి ఇంకుతుంది, మిగిలినది వంకల గుండా చెరువు చేరుతుంది. నేల మీద సిమెంటు పరచిన తరువాత అదే నీరు గంటలో బయటికి ఉరుకుతుంది. చెరువుకు పోయే కాలువ అక్కడే పూడిపోయినచో రెండు నష్టాలు. చెరువు ఎండుతుంది, దిగువ వీధి మునుగుతుంది. తమిళనాట 2003 నుండి వాననీటి సేకరణ ప్రతి కట్టడానికీ తప్పనిసరి. గొయ్యి త్రవ్వినంత మాత్రాన కాలువ తిరిగిరాదు.

చెరువులకు చట్టరక్షణ లేకపోలేదు. 2007లో తమిళనాడు చెరువుల రక్షణ, ఆక్రమణల తొలగింపు చట్టం తెచ్చినది. సుప్రీం కోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులోను, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోను చెరువులను, ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుండి కాపాడవలెనని తీర్పులిచ్చినది. అయితే చట్టం కాపాడేది రికార్డులో ఉన్న చెరువును. చెరువుకు నీరు తెచ్చే పిల్ల కాలువ ఒక పట్టా భూమి నడుమ పోతూ, రికార్డులో గీత లేకపోయినచో దానిని ఎవరు కాపాడతారు? ఆ కాలువ సంగతి తెలిసినవాడు ఊరి పెద్ద రైతే. అతని జ్ఞాపకాన్ని కాగితం మీదికి తెచ్చుట ఈ పరిశీలనలో మనం చేయగల అతి విలువైన పని.

సరిహద్దు దాటే నీరు, దాటని పరిశీలన

సరిహద్దు గ్రామాలకు మరొక చిక్కున్నది. అనుమతి ఒక రాష్ట్రం ఇస్తుంది, ఫలితం మరొక రాష్ట్రం అనుభవిస్తుంది. దక్షిణ పినాకిని నంది కొండలలో పుట్టి, బెంగళూరు శివారు మురుగును మోసుకొని, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం చేరుతున్నది. అక్కడ నీటి మీద తెల్లని నురగ గుట్టలుగా తేలిన చిత్రాలు ఎన్నోసార్లు పత్రికలలో వచ్చినవి. ఆ నురగ ఒక్క కర్మాగారం తప్పు కాదు. ఎగువన వందల నిర్మాణాలకు విడివిడిగా అనుమతులిచ్చినారు. ఒక్కొక్కటి తన గోడ లోపల నియమానికి సరిపోయి ఉండవచ్చును. అన్నిటి మొత్తాన్ని దిగువ రైతు మడిలో చూస్తున్నాము. రేపు మన వైపు నిర్మాణాల నీరు కృష్ణగిరి ఆనకట్ట వైపు పారినప్పుడు అక్కడి రైతు మనలను అదే ప్రశ్న అడుగగలడు.

ఆనేకల్ వైపు, బాగేపల్లి వైపు, కోలారు సీమలో ఉన్న మన బంధువులకు వర్తించేది 1961 నాటి కర్ణాటక చట్టం. అక్కడ కూడ మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగం మార్చుటకు ముందు పత్రికలో ప్రకటించి అభ్యంతరాలు కోరవలెను. చట్టాలు వేరైనా పాఠం ఒక్కటే. రంగు మారేటప్పుడే మాట్లాడవలెను.

అమ్ముకొనేవారి మాట కూడ వినవలెను

ఇదంతా చదివి నిర్మాణాలు వద్దనుటయే న్యాయమని ఎవరైనా తలచినచో అది సగం సత్యమే. పల్లెలో అందరి ప్రయోజనం ఒకటి కాదు. అన్నదమ్ములలో ఒకడు చేను అమ్మి బిడ్డల చదువుకు, ఆడపిల్ల పెళ్లికి, పాత అప్పుకు కట్టుకొనవలెనంటాడు. రెండవవాడు బోరు వేసి పూలతోట పెంచుతున్నాడు. ఇద్దరిదీ తప్పు కాదు. మొదటివాని భూమికి నేడు దొరికే ధర అతని జీవితంలో మళ్లీ రాకపోవచ్చును. కౌలుదారుకు, కూలికి మాత్రం ఆ ధరలో భాగం లేదు. వారి పని పోతుంది, క్రొత్త ఇళ్లలో పాచిపని, కావలి పని దొరుకుతుంది. ఇది కూడ లెక్కలో చేర్చవలసినదే.

మరొక సంగతి. అనుమతి పొందిన పెద్ద నిర్మాణాన్ని అడ్డుకొన్నచో ఆ భూమి తప్పక సేద్యంలోనే ఉంటుందన్న హామీ లేదు. అనుమతి లేని చిన్న ప్లాట్లుగా ముక్కలు కావచ్చును. దారి పది అడుగులు, మురుగు కాలువ లేదు, ఉద్యానవనం లేదు, పట్టించుకొనేవాడు లేడు. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను నిలిపివేసినప్పుడు మన ప్రాంతంలో ఎన్ని కుటుంబాలు తికమకపడినవో మరువలేము. 2017లో క్రమబద్ధీకరణ పథకం వచ్చినది, రుసుము కట్టిన తరువాతనే చాలామందికి ఊపిరి ఆడినది. ఆ ప్లాట్లలో నేటికీ మురుగు వీధిలోనే పారుతున్నది. దానితో పోల్చినచో, పది శాతం భూమి ప్రజలకు వదలి, శుద్ధి యంత్రం పెట్టి, 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం క్రింద నమోదైన నిర్మాణమే మేలు.

కాబట్టి 'కావాలా, వద్దా' అన్నది పల్లెకు ఉపయోగపడే ప్రశ్న కాదు. 'ఏ షరతుల మీద' అన్నదే ప్రశ్న. పై ఉదాహరణలో 25 ఎకరాలలో రోడ్లు 30 శాతం పోయినచో మిగిలినది పదిహేడున్నర ఎకరాలు. అందులో పది శాతం అనగా ఒక ఎకరా 75 సెంట్లు ప్రజల స్థలం. అది ఊరికి ఎదురుగా, దారి ప్రక్కన ఉంటుందా? లేక అందరికీ దూరంగా, ప్రహరీ లోపల, కావలివాడు ఊరి పిల్లలను రానివ్వని చోట ఉంటుందా? నియమం రెంటికీ ఒకటే విస్తీర్ణం చెబుతుంది. చోటు ఎక్కడన్నది అడిగినవారికే దక్కుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు.

భాష అడ్డు కాకూడదు

మన కుటుంబాలకు ఈ వ్యవహారమంతా రెండింతలు బరువు. ప్రకటన తమిళంలోనో ఆంగ్లంలోనో వస్తుంది. ఇంటిలో పెద్దలకు తెలుగు మాత్రమే చదువ వచ్చును. పిల్లలకు తమిళం వచ్చినా చేనికి ఏ సర్వే నంబరో తెలియదు. కొన్ని మాటలు గుర్తుంచుకొన్నచో చాలును. 'నంజై' అనగా మాగాణి, 'పుంజై' అనగా మెట్ట. 'ఏరి' అనగా చెరువు, 'ఓడై' అనగా వాగు, 'వాయ్‌కాల్' అనగా కాలువ. 'ఆట్చేపణై' అనగా అభ్యంతరం. 'నగర్ ఊరమైప్పు' అని ఎక్కడ కనిపించినా అది పట్టణ ప్రణాళికా శాఖ కాగితం. పోరంబోకు మాత్రం రెండు భాషలలోను ఒక్కటే, ఆక్రమించేవారూ రెండు భాషలలోను ఉన్నారు.

రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఎవరైనను తమ బాధను కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను అధికారికి విన్నవించుకొనవచ్చును. అనగా తెలుగులో వ్రాసిన అభ్యంతరాన్ని భాష కారణంగా త్రోసివేయుటకు వీలు లేదు. జిల్లాలో గాని, తాలూకాలో గాని ఒక భాష మాట్లాడేవారు 15 శాతమున్నచో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను ఆ భాషలో కూడ వెలువరించవలెనన్నది భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో ఒకటి. ఇది ఎక్కువగా కాగితం మీదనే మిగిలినది, అడుగుట మన పని. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం ఆంగ్లం, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండవలెను. కనుక దానిని తమిళంలో వ్రాయించుకొనుట మంచిది. అభ్యంతరం కూడ తెలుగు ప్రతికి తమిళ ప్రతి జోడించి ఇచ్చినచో చదివే అధికారికి సులువు, మనకు లాభం.

ఇప్పుడు చేయదగినవి

మొదట మీ చేను, మీ చెరువు, దాని కాలువలు ఏ సర్వే నంబర్లలో ఉన్నవో వ్రాసిపెట్టుకొనండి. రెవెన్యూ శాఖ ఈ-సేవల ద్వారా పట్టా, 'ఏ' రిజిస్టరు, కొలతల పటం ఇంటి నుండియే చూడవచ్చును. రెండవది, ఆ నంబర్లు మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగులో ఉన్నవో ప్రణాళికా కార్యాలయంలో చూడండి. మూడవది, ఊరిలో చదువుకొన్న ఇద్దరు యువకులు తమిళ దినపత్రికలలోని భూ వినియోగ ప్రకటనలను ప్రతిదినం గమనించే ఏర్పాటు చేసుకొనండి. పర్యావరణ అనుమతి దరఖాస్తులన్నీ కేంద్రప్రభుత్వపు 'పరివేష్' జాలస్థలిలో ఉంటాయి. అనుమతి వచ్చినచో కంపెనీ ఆ సంగతిని స్థానిక భాషా పత్రికలో ప్రకటించవలెను, పంచాయతీకి ప్రతి పంపవలెను. అందులోని షరతులను ఊరివారు చదివి దాచుకొనవలెను. ఆ అనుమతిపై అభ్యంతరమున్నచో హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులే. తగిన కారణం చూపినచో మరి 60 రోజులు. దక్షిణ భారత పీఠం చెన్నైలోనే ఉన్నది.

నాలుగవది గ్రామసభ. తమిళనాట జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో సభ జరుగుతుంది. మన జిల్లాలో పంచాయతీల పదవీకాలం 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు, ఇక అడిగేవారెవరని నిట్టూర్చినవారున్నారు. సభ్యుల పదవికి గడువున్నది గాని గ్రామసభకు గడువు లేదు. ఓటర్లందరూ దాని సభ్యులే. మార్చి 22 నీటి దినం. చెరువు, కాలువల జాబితాను తీర్మానంగా వ్రాయించుటకు అంతకంటె తగిన రోజు లేదు. తీర్మానం నిర్మాణాన్ని ఆపకపోవచ్చును. రేపు అధికారి ముందుగాని, న్యాయస్థానం ముందుగాని 'ఇక్కడ కాలువ లేదు' అని ఎవరూ అనలేకుండా చేస్తుంది.

ఐదవది వ్రాసే పద్ధతి. పరీక్షలో ప్రశ్నకు తగిన జవాబు వ్రాసినవానికే మార్కులు. 'మా ఊరు నాశనమవుతుంది' అన్న వాక్యానికి ఏ అధికారి వద్దా జవాబు ఉండదు. 'ఫలానా సర్వే నంబరులో తూర్పు నుండి పడమరకు పోయే కాలువ మా చెరువుకు నీరు తెస్తున్నది, ప్రతిపాదిత పటంలో అది కనిపించుట లేదు, దానిని చూపి ఇరుప్రక్కల చోటు వదలవలెను' అన్న వాక్యానికి అతడు జవాబు వ్రాయక తప్పదు. అభ్యంతరం ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో ముద్ర వేయించుకొనండి. కంపెనీ మనిషి నోటి మాటగా చెప్పిన బడి, ఆసుపత్రి, ఉద్యోగాల సంగతిని షరతులలో చేర్చమని వ్రాతపూర్వకంగా కోరండి. షరతుగా మారని మాటకు విలువ లేదు.

నగరం మన వైపు నడిచి వస్తున్నది. దానిని ఆపగల శక్తి ఒక పల్లెకు లేదు, ఆపవలెనని పల్లెలో అందరికీ కోరిక కూడ లేదు. వచ్చే నగరం మన చెరువును చూచి నడుస్తుందా, పూడ్చి నడుస్తుందా అన్నది మాత్రం ఇంకా తేలవలసి ఉన్నది. ఆ నిర్ణయం జరిగేది ఒక కార్యాలయపు బల్ల మీద, రంగులు పూసిన ఒక పటం ముందు. ఆ బల్ల మీద మన ఊరి కాగితం ఒకటి ఉండవలెను. వచ్చే గ్రామసభకు ముందే ఆ కాగితం వ్రాయుట మొదలుపెట్టండి.